పాత ఫోనులో ఆమె చేతులు

కిందటి వారం నా ఫోను పట్టుకుని కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా ఉన్న ఫోన్ల దుకాణానికి వెళ్లాను. గ్యాసు బుక్ చేసుకునే యాప్ ఎంతకీ ఎక్కడం లేదు. దుకాణదారు నాకు ఎన్నాళ్లుగానో తెలిసినవాడే, మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అంటాడు. ఫోను అటూ ఇటూ తిప్పి, ఏవేవో నొక్కి చూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఇది పాతదైపోనాదప్పా. దీన్లో ఇంకేటీ ఎక్కదు."

ఈ మాట నాకు కొత్త కాదు. మూడేళ్ల కిందట ఇదే బల్ల ముందు, ఇదే మనిషి నోట విన్నాను. అప్పుడు ఫోను నాది కాదు, నా పక్కన నిలబడ్డ ఆమెది. ఆమె పోయిన వేసవిలో చనిపోయింది. దుకాణదారుకి అదేమీ గుర్తున్నట్టు లేదు. ఫోను తీసుకుని మెట్లు దిగి, ఆటో ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

ఆమె పేరు రాయను. ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ అది ఆమె ఎన్నడూ విన్నది కాదు. పుట్టుకతోనే చెవుడు. వీధిలో అందరూ మూగమ్మ అనేవారు. నాకా మాట ఎప్పుడూ నచ్చలేదు. మా వీధి మొత్తానికి ఆమె అంత మాటకారి ఇంకొకరు లేరు.

నాది జిరాక్సు కొట్టు. జిరాక్సులతో పాటు కరెంటు బిల్లులు కడతాను, జనం ఫోన్లలో రానివి రప్పించి పెడతాను. ఆమె ఉండేది మా కొట్టు వెనక సందులో, అన్నా వదినల దగ్గర. అన్న ఆటో తోలుతాడు. ఆమె, వదిన ఇద్దరూ జీడిపప్పు బట్టీలో పనికి పోయేవారు. పొద్దున్నే పనికి వెళ్తూ మా కొట్టు ముందు ఆగి, మిషన్లోంచి కాగితం లాగుతున్నట్టు చెయ్యి ఆడించేది. అది నా పేరు. ఆమె దగ్గర అందరికీ ఇలాంటి పేర్లే. అన్నంటే ఆటో హేండిల్ తిప్పడం. వదినంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని తల ఓ పక్కకి వాల్చడం. బట్టీ మేస్త్రీ పేరు, పొట్ట ముందుకు పెట్టి మీసం దువ్వడం. ఆ మేస్త్రీ ఓసారి మా కొట్టుకొచ్చినప్పుడు, ఆమె నాతో చెబుతున్న కబుర్లో తన పేరు తానే చూసుకుని, కోప్పడాలో నవ్వాలో తెలియక జిరాక్సు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నీడలో నిలబడి మాట్లాడితే ఆమె ఊరుకునేది కాదు. గెడ్డం పట్టుకుని, పెదాలు కనపడేలా మొహం వెలుగులోకి తిప్పేది. పెద్దా చిన్నా, తెలిసినవాళ్లా కాదా అని చూసేది కాదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన గెడ్డం పట్టుకుని ఎండలోకి తిప్పేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన రీడింగు రాసుకోవడం మర్చిపోయాడు. నోరు మరీ పెద్దగా తెరిచి, ఒక్కో అక్షరం సాగదీసి మాట్లాడేవాళ్లంటే మాత్రం ఆమెకు చిరాకు. వాళ్ల మొహం నుంచి తల తిప్పేసుకునేది.

జీడి పిక్క తొక్కలో నూనె ఉంటుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. ఎంత ఆముదం రాసుకుని కూర్చున్నా పిక్కలు కోసేవాళ్ల వేళ్లు నల్లబడతాయి, పొరలూడతాయి. సాయంత్రం ఇంటికి రాగానే ఆమె చేతులు కడుక్కోవడం చూడాలి. గోళ్లూ, వేళ్ల సందులూ, మణికట్టు దాకా బూడిదతో తోమి, కొబ్బరినూనె రాసుకుని, కొంగుతో అద్దుకుని, అప్పుడు వచ్చి మా కొట్టు గట్టు మీద కూర్చునేది. మనం అన్నానికి ముందు కడుక్కుంటాం. ఆమె మాటకి ముందు కడుక్కునేది.

చిన్నప్పుడు విజయనగరంలో చెవిటి పిల్లల బడిలో వేశారు. అక్కడ హాస్టల్లో ఉండి చేతుల భాష నేర్చుకుంది. కొన్నేళ్లకి తల్లి పోయింది. ఇంటి పని చూసుకునే వాళ్లు లేక అన్న ఆమెను తెచ్చేశాడు. అప్పటి నుంచి ఆ భాష తెలిసిన మనిషి ఆమెకు మళ్లీ కనపడలేదు. ఇంట్లోవాళ్లకి తెలిసినవల్లా తిను, రా, నీళ్లు, పడుకో. నాకు ఇంకాస్త ఎక్కువ తెలుసు, అంతే. ఆమె మాతో ఇన్నాళ్లూ పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడుతోందని పలాస స్టేషన్లో ఆ రోజు చూసేదాకా నాకు తెలియలేదు.

ఆ రోజు మా అక్క కూతురిని రైలెక్కించాలి. వెనక సందులోని వాళ్లన్న ఆటోలోనే వెళ్లాం. బట్టీకి సెలవు కావడంతో ఆమె కూడా వచ్చింది. రైళ్లు చూడ్డం ఆమెకు ఇష్టం. మా రైలు ఇంకా రాలేదు. అవతల ప్లాట్‌ఫారం మీద ఒరిస్సా వైపు నుంచి వచ్చిన రైలొకటి ఆగి ఉంది. సూరత్ వెళ్లే జనంతో కిక్కిరిసి ఉంది. ఆమె నా పక్కన నిలబడి పెట్టెలు చూస్తూ చూస్తూ ఒక్కసారి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓ కిటికీ దగ్గర ఒకావిడ ఎదుటి సీట్లో మనిషికి చేతులతో ఏదో చెబుతోంది.

ఆమె గొంతులోంచి ఎప్పుడూ రాని చప్పుడొకటి వచ్చింది. ప్లాట్‌ఫారం అంచుకి పరిగెత్తి రెండు చేతులూ పైకెత్తి ఊపడం మొదలుపెట్టింది. కిటికీలో ఆవిడకి వినపడదు కదా. పక్కన కూర్చున్న వాళ్లెవరో ఇటు చూసి, ఆవిడ భుజం తట్టి, వేలితో చూపించారు. ఆవిడ తిరిగి చూసింది. తరవాత ఎడమ కనుబొమ మీద వేలితో చిన్న గీత గీసింది. మా మనిషికి అక్కడ చిన్నప్పుడు కుట్లు పడిన మచ్చ ఉంది. హాస్టల్లో అదే ఆమె పేరట.

మధ్యలో పట్టాలు. ఓ గూడ్సు ఇంజను హోరు, మైకులో ప్రకటన, సమోసాలమ్మే వాళ్ల కేకలు. పక్కనున్న మా అక్క కూతురు ఏమంటోందో నాకు వినపడలేదు. వాళ్లిద్దరికీ మాత్రం ఏ అడ్డూ లేదు. ఆమె చేతులు అంత జోరుగా కదలడం నేనెప్పుడూ చూసి ఉండలేదు. ఏడుస్తూ నవ్వుతూ ఏదో అడుగుతోంది, ఆవిడ చెప్పేది పూర్తి కాకుండానే ఇంకోటి అడుగుతోంది. నాకు ఒక్క ముక్క అందలేదు. ఇన్నేళ్ల మాటలు ఎక్కడ దాచుకుందా అనిపించింది.

రైలు కదిలింది. ఆవిడ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి వేళ్లతో అంకెలు చూపించడం మొదలుపెట్టింది. ఈమె ప్లాట్‌ఫారం వెంట నడుస్తూ ఒక్కో అంకెనీ తిరిగి చూపించింది. రైలు పోయాక నా దగ్గరికి వచ్చి అవే అంకెలు వేళ్ల మీద వరసగా చూపించింది. నా ఫోనులో నొక్కి, సరిగ్గా ఉన్నాయని ఆమె తల ఊపిందాకా చేతులు దించలేదు. ఆటోలో వస్తూ మిగతాది చెప్పింది. ఆవిడా హాస్టల్లో పక్క మంచమే. ఇప్పుడు పెళ్లయింది, భర్తకీ వినపడదు. సూరత్‌లో ఇద్దరూ చీరలకి రాళ్లు అతికించే పని చేస్తారు. తరవాత అరచెయ్యి మొహానికి ఎదురుగా పెట్టుకుని దాన్లోకి చూస్తూ రెండో చేత్తో మాట్లాడి చూపించింది. వీడియో కాల్ కావాలి.

ఆమెకో ఫోను ఉండేది. అన్న వాడి వాడి వదిలేసింది. అద్దం మూల పగిలింది, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. టైము చూసుకోడానికీ, లైటుకీ వాడేది. రాసి పంపడం ఆమెకు అంతగా రాదు. బడిలో నేర్చుకున్న అక్షరాలు బస్సు బోర్డులకి సరిపోయేవి. ఆ సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చి ఫోను నా ముందు పెట్టింది.

వీడియో కాల్ యాప్ ఎక్కించబోతే మొదట ఫోను స్థలం లేదంది. వాళ్లన్న నాటి శుభోదయం బొమ్మలూ, దేవుళ్ల ఫోటోలూ, ఎవరివో పెళ్లి వీడియోలూ తీసేశాను. అప్పుడు ఈ యాప్ మీ ఫోనుకి సరిపోదంది. ఫోను ఆపి మళ్లీ వేస్తే తేదీ ఎప్పటిదో చూపించింది. అది సరిచేస్తే గుండ్రంగా ఓ సున్నా తిరగడం మొదలుపెట్టింది. ఆమె స్టూలు నా పక్కకి లాక్కుని ఆ సున్నాకేసి రెప్ప వెయ్యకుండా చూసింది. అది తిరిగి తిరిగి మాయమైపోయేది, మళ్లీ మొదటికి వచ్చేది. ఇలా కొన్ని సాయంత్రాలు గడిచాయి. చివరికి కాశీబుగ్గ తీసుకెళ్లాను.

దుకాణదారు పాతదైపోయిందనీ, ఇంకేమీ ఎక్కదనీ చెప్పి ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టింది. అతను ఇటు తోశాడు, ఆమె అటు తోసింది. గొడవ చెయ్యలేదు, బతిమాలలేదు. ఊరికే అక్కడే నిలబడిపోయింది. బేరాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె కదలడం లేదు. అతను నాకేసి చూశాడు. కొంతసేపటికి అతనే మెత్తబడి, ఆ యాప్‌దే పాత రకమొకటి ఉంటుంది, అది ఎక్కిస్తానన్నాడు. ఎక్కించాడు.

దానికి నంబరు నిజమో కాదో చూడ్డానికి ఓ కోడ్ రావాలి. మెసేజీ ఎంతకీ రాలేదు. చివరికి ఆ యాపే ఆమె ఫోనుకి కాల్ చేసి అంకెలు చెవిలో చెప్పింది. చెవుడున్న మనిషి ఫోనుకి. నేను చెవి దగ్గర పెట్టుకుని విని, వేళ్లతో ఆమెకు చూపించాను. ఆమే నొక్కింది.

మొదటి కాల్ మా కొట్టులోనే. సూరత్ ఆవిడ మొహం అద్దం నిండా వచ్చింది. ఇద్దరూ చేతులెత్తలేదు. ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. తరవాత ఆమె నాకేసి తిరిగి, ఫోను పట్టుకున్న చెయ్యి ఖాళీ లేదన్నట్టు చూసింది. పంచ్ మిషన్ అడ్డం పెట్టి ఫోను నిలబెట్టాను. అప్పుడు మొదలయ్యాయి మాటలు.

ఇంటి దగ్గర కందిపప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టుకునేది. పనిలో ఉన్నప్పుడు బొడ్లో దోపుకునేది. మోగితే వినపడదు, వణికితే తెలుస్తుంది. నడుస్తూ నడుస్తూ ఒక్కసారి నడుం పట్టుకుని ఇంటికి పరిగెత్తిందంటే సూరత్ నుంచి అన్నమాట. ముందు ఏం వండావని అడిగేది. ఆవిడ గిన్నె తెచ్చి చూపించేది. కరెంటు పోతే మాట పోయినట్టే, అందుకని పగటి వెలుగున్నప్పుడే కిటికీకి ఎదురుగా కూర్చునేది. సిగ్నల్ బాగా లేక బొమ్మ ఆగిపోతే ఆవిడ చేతులు గాల్లో ఉండిపోయేవి. ఈమె కూడా అప్పటిదాకా ఎత్తిన చెయ్యి దించకుండా ఎదురుచూసేది. ఆ ఏడాదంతా మా కొట్టు గట్టు మీద కూర్చోవడం తగ్గించేసింది. నాకు కాస్త వెలితిగానే ఉండేది, సంతోషంగానూ ఉండేది.

ఓ రోజు ఫోను పట్టుకుని వచ్చింది. ఈ ఫోనులో ఈ యాప్ ఇకపై పనిచేయదని రాసి ఉంది. దీన్ని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోను చూపించి, నడుం వంచి, కర్ర పట్టుకుని నడిచినట్టు నటించాను. పకపకా నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది. మళ్లీ కాశీబుగ్గ వెళ్లాం. ఈసారి దుకాణదారు కూడా చాలాసేపు కూర్చున్నాడు. పాత రకాలు ఒకటీ పనిచెయ్యలేదు. ఆమె నిలబడింది, పొద్దు వాలేదాకా నిలబడింది. చివరికి తనే ఫోను తీసుకుంది.

నా ఫోనులోంచి చెయ్యమన్నాను. ఒకటి రెండుసార్లు కొట్టులో కూర్చుని మాట్లాడింది. జిరాక్సుకి వచ్చినవాళ్లు చుట్టూ చేరేవారు. ఒకాయన ఆమె వెనక నిలబడి, తన పక్కవాడికేసి చూస్తూ చేతులు అటూ ఇటూ ఆడించాడు. సూరత్ ఆవిడకి అది కనపడింది. ఆవిడ మొహం చూసి ఈమె వెనక్కి తిరిగింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసి వెళ్లిపోయింది. ఆ తరవాత ఎప్పుడైనా ఆదివారం నేనే ఫోను వాళ్లింటికి తీసుకెళ్లేదాన్ని. మాట్లాడేది గానీ, మధ్య మధ్య బ్యాటరీ చూసుకునేది, నాకేసి చూసేది. ఎరువు తెచ్చుకున్న ఫోనులో మనం మాత్రం మనసు విప్పి ఎంతసేపు మాట్లాడతాం.

కొత్త ఫోను కొనుక్కుంటానంది. వదిన నాతో మొత్తుకుంది. "మాటే రాని మనిసికి ఫోనేటప్పా? నువ్వైనా సెప్పు." నేను చెప్పలేదు. ఈ పని దినాల కూలి చేతికొచ్చాక కొనుక్కుంటానని ఆమె ఖాయం చేసేసుకుంది. దుకాణంలో అద్దాల వెనక ఉన్నదొకటి చూసుకుని కూడా వచ్చింది.

ఈలోగా కాళ్లకి నీరు దిగింది. మా ఉద్దానం పక్కల కాళ్లకి నీరు దిగితే ఏమిటన్నది ఎవరూ ఎవరికీ విడమర్చక్కర్లేదు. ఆమెకూ అక్కర్లేకపోయింది. రెండు పిడికిళ్లూ నడుం వెనక పెట్టి చూపించి, నేనేమంటానో చూడకుండా సందులోకి వెళ్లిపోయింది. కిడ్నీలు. కొత్త ఫోను మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

డయాలసిస్‌కి వారానికి ఇన్నిసార్లని వెళ్లాలి. అన్న ఆటోలో తీసుకెళ్లేవాడు, పని మానుకుని వదిన కూడా ఉండేది. ఎడమ చేతికి సూదులు. ఆ చెయ్యి మిషన్ ఆగేదాకా కదపకూడదు. అక్కడ సిస్టర్లు మంచివాళ్లే గానీ మొహాలకి మాస్కులు. పెదాలు కనపడవు. నొప్పిగా ఉందా అని అడిగినా ఆమెకు తెలిసేది కాదు. ఒక్క చేత్తో ఆమె చెప్పేది వాళ్లకి తెలిసేది కాదు. కొన్నాళ్లకి చెప్పడం మానేసి పైన తిరిగే ఫ్యానుకేసి చూస్తూ పడుకునేదట. వదిన నా కొట్టుకొచ్చి కూర్చుని చెప్పింది. "అంతసేపూ అలగే సూస్తాదప్పా. నాకు గుండెల్లో ఏటో అయిపోతన్నాది. నీ ఫోనొకసారి తెస్తావేటి?"

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్లాను. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఫోను ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. సూరత్ ఆవిడ వచ్చింది. నవ్వుతూ రెండు చేతులూ ఎత్తింది. ఈమె కుడి చెయ్యి ఒక్కటే ఎత్తి ఏదో అంది. రెండు చేతులు కావలసిన మాటలు సగంలో ఆగిపోతున్నాయి. మళ్లీ మొదలుపెడుతోంది, మళ్లీ ఆగుతోంది. ఆవిడ కళ్లు ఆ మంచం మీద, గొట్టాల మీద, పరుపు మీద చాపిన ఎడమ చేతి మీద తిరిగాయి. తరవాత తన ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని, కుడి చేత్తోనే మాట్లాడడం మొదలుపెట్టింది.

వదిన నా భుజం మీంచి వంగి చూసింది. "ఆవిడకీ సెయ్యి బాగులేదేటప్పా?"

"బాగానే ఉన్నాదే," అన్నాను.

వదిన కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

ఆ తరవాత వీలైనప్పుడల్లా వెళ్లాను. సగం చేతి భాష ఒకటి వాళ్లిద్దరూ తయారు చేసుకున్నారు. ఓసారి అంతా అయ్యాక ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఏమిటని అడిగితే, సూరత్ ఆవిడ మొగుడి పేరు చేసి, చెయ్యి ఊపేసింది. నీకు చెప్పినా తెలియదులే అని. అదే నేను ఆమె నవ్వు ఆఖరిసారి చూడడం.

వేసవి మొదట్లో ఓ ఉదయం పోయింది. ఆస్పత్రికి బయల్దేరాలని తల దువ్వుకుంటూ అలాగే గోడకి వాలిపోయిందట. నేను వెళ్లేసరికి వదిన ఆమె వేళ్లకి కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడుస్తోంది. నలుపు పోదని వదినకీ తెలుసు, తనవీ అవే చేతులు. అయినా తుడుస్తూనే ఉంది. తరవాత పెద్దవాళ్లెవరో వచ్చి చేతులు దగ్గరికి చేర్చి బొటనవేళ్లు కలిపి కట్టారు. నేను బయటికి వచ్చేశాను.

సూరత్ ఆవిడకి ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు. రాసి పంపాను గానీ ఆవిడకి తెలుగు ఏమాత్రం మిగిలిందో, చదివిందో లేదో తెలియదు. కర్మలు కాకముందే ఓ మధ్యాహ్నం కొట్టులో ఉండగా ఫోను మోగింది. ఆవిడే. ఎత్తాను. ఆవిడ నా వెనక ఆమె కోసం వెతికింది. నేను చెయ్యి ఎత్తబోయాను. ఎత్తక ముందే నా మొహం చూసేసింది.

ఆవిడ అద్దంలోంచి లేచి వెళ్లిపోయింది. సున్నం రాలుతున్న గోడ, మేకుకి తగిలించిన సంచీ మాత్రం కనపడుతున్నాయి. నేను కాల్ ఆపలేదు. చాలాసేపటికి భర్తతో కలిసి వచ్చి కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది. ఇల్లు చూపించమని సైగ చేసింది. అది నాకు తెలిసింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఫోను అలాగే ఎత్తి పట్టుకుని వెనక సందులోకి నడిచాను.

అన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వదిన లోపల బియ్యం ఏరుతోంది. ఫోను చూసి లేచింది. ఇన్నేళ్లూ ఆడపడుచుతో తిను, రా అనడానికి తప్ప చెయ్యి ఎత్తని మనిషి, ఏం చెయ్యాలో తెలియక ఫోను ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆవిడ కూడా జోడించింది. తరవాత మొదలుపెట్టింది.

నిదానంగా మొదలుపెట్టింది. ఓసారి చెయ్యి నేలకి దగ్గరగా పెట్టి ఎవరో చిన్నవాళ్లని చూపించింది. ఓసారి నవ్వింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. భర్త మధ్యలో ఏదో అంటే ఆగి, తల ఊపి, మళ్లీ చెప్పింది. చేతులు జోరందుకున్నాయి. ఆగి కళ్లు తుడుచుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం. అన్న గుమ్మంలోంచి లేచి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"ఏటంతన్నాదప్పా?" అని వదిన అడిగింది.

"నాకూ తెలీదే," అన్నాను.

నా చెయ్యి నొప్పి పుడుతుంటే అన్న ఫోను అందుకుని పట్టుకున్నాడు. మా ముగ్గురికేసి చూస్తూ ఆవిడ చెబుతూనే ఉంది. ఆమె పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమె గురించి అంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. వదిన బియ్యం చేట పక్కన పెట్టి, ఫోనుకి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆవిడ చేతులు తనంతట తాను దించేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాం.